ప్రయాణానికి అడ్డం కాళ్లా, మెట్లా?

ఇంటిల్లిపాదీ తిరుపతికో అరకుకో బయల్దేరేటప్పుడు చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి చాలా ఇళ్లలో వినపడే మాట ఒకటుంది: "నీకెందుకమ్మా అంత శ్రమ, ప్రసాదం తెస్తాంలే." ప్రేమతో అన్న మాటే. కానీ ఆమెను అడగకుండానే ఆమె ప్రయాణం రద్దయిపోయింది. ఇలాంటి నిర్ణయాల వెనక ఏళ్ల తరబడి పాతుకుపోయిన అపోహలున్నాయి. వాటిలో కొన్నింటిని పరిశీలిద్దాం.

అపోహ: తోడు లేకపోతే వికలాంగులను విమానం ఎక్కనివ్వరు.

వాస్తవం: తినడం, మాట్లాడటం, మరుగుదొడ్డి వంటి సొంత పనులు తానే చూసుకోగలనని ప్రయాణికుడు చెబితే, తోడు ఉండాల్సిందేనని విమాన సంస్థ పట్టుబట్టకూడదు. పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) నిబంధనల్లోనే ఈ మాట ఉంది. సాయం కావాలంటే 48 గంటల ముందు చెప్పాలి. అత్యవసర ద్వారం పక్క సీటు మాత్రం ఇవ్వరు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను 2012లో కోల్‌కతాలో విమానం ఎక్కాక దింపేశారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. విమాన సంస్థ 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2016లో కోర్టు ఆదేశించింది. 2022లో రాంచీలో వైకల్యమున్న ఒక పిల్లవాడిని విమానం ఎక్కనివ్వకపోవడంతో దేశమంతా దుమారం రేగింది. ఆ తర్వాత డీజీసీఏ నిబంధనలను ఇంకా బిగించింది. గాల్లో ఆరోగ్యం దెబ్బతింటుందని సంస్థకు అనుమానం వస్తే, విమానాశ్రయంలోనే డాక్టరు చేత పరీక్ష చేయించాలి. ఎక్కించుకోకపోతే కారణం కాగితం మీద రాసివ్వాలి. సిబ్బంది సొంత అంచనాకు ఇప్పుడు చోటు లేదు.

అపోహ: బ్యాటరీతో నడిచే వీల్‌చైర్‌ను విమానంలో తీసుకెళ్లలేం.

వాస్తవం: తీసుకెళ్లొచ్చు, దానికి రుసుము కూడా ఉండదు. అయితే బ్యాటరీ రకాన్ని బట్టి నియమాలు మారతాయి. లిథియం బ్యాటరీని విప్పి తీసే వీలుంటే, 300 వాట్ అవర్ల లోపు ఉన్నదాన్ని ప్రయాణికుడు తనతోపాటు క్యాబిన్‌లోకి తీసుకెళ్లాలి. రెండు బ్యాటరీలతో నడిచే కుర్చీ అయితే ఒక్కొక్కటి 160 వాట్ అవర్లు దాటకూడదు. ఈ అంకె సాధారణంగా బ్యాటరీ మీదే ముద్రించి ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, కుర్చీ బరువు, కొలతలతో కలిపి టికెట్ కొన్నప్పుడే సంస్థకు పంపండి. కౌంటర్ దగ్గర వచ్చే గొడవల్లో చాలావరకు ఈ వివరాలు చివరి నిమిషంలో బయటపడటం వల్ల వచ్చేవే.

అపోహ: వికలాంగ ధ్రువపత్రం ఉంటే చాలు, రైల్లో రాయితీ వచ్చేస్తుంది.

వాస్తవం: 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రైల్వే ప్రయాణ రాయితీ వాటన్నిటికీ లేదు. తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వైకల్యం, పూర్తి అంధత్వం, మేధోపరమైన వైకల్యం ఉన్నవారికి సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీలలో 75 శాతం, ఫస్ట్, సెకండ్ ఏసీలలో 50 శాతం తగ్గింపు ఉంది. తోడు వెళ్లేవారికీ అంతే. మాట, వినికిడి రెండూ పూర్తిగా లేనివారికి స్లీపర్, సెకండ్ క్లాసుల్లో 50 శాతం ఇస్తారు. తలసీమియా, హీమోఫీలియా కూడా ఆ 21లో ఉన్నాయి గానీ, ఆ జబ్బులున్నవారికి రాయితీ చికిత్స కోసం వెళ్లే ప్రయాణానికే, విహారానికి కాదు. రైల్వే ఇచ్చే గుర్తింపు కార్డు ముందుగా చేయించుకుంటే ఆన్‌లైన్‌లోనే రాయితీ టికెట్ తీసుకోవచ్చు. కొవిడ్ సమయంలో వృద్ధుల రాయితీ పోయింది కాబట్టి ఇదీ పోయిందనుకునేవారున్నారు. పోలేదు.

అపోహ: సాహస యాత్రలంటే వికలాంగులు ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే.

వాస్తవం: చూపులేని ఎరిక్ వైన్‌మేయర్ 2001లో ఎవరెస్టు ఎక్కారు. దొంగలు రైల్లోంచి తోసేయడంతో కాలు పోగొట్టుకున్న అరుణిమా సిన్హా 2013లో ఎక్కారు. 2021లో ఎనిమిది మంది వికలాంగుల భారత బృందం సియాచిన్ హిమానీనదం మీద 15,632 అడుగుల ఎత్తున ఉన్న కుమార్ పోస్టుకు చేరింది. వీల్‌చైర్‌కే పరిమితమైన స్టీఫెన్ హాకింగ్ 2007లో ప్రత్యేక విమానంలో భారరహిత స్థితిని అనుభవించారు.

ఇవి అసాధారణ విజయాలు. వీటిని చూపించి "వాళ్లు ఎక్కారుగా, నువ్వెందుకు ఎక్కలేవు?" అని ఎవరినీ నిలదీయనక్కర్లేదు. సామాన్యులకు అందే సాహసాలూ ఉన్నాయి. నీళ్లలో శరీరం తేలికవుతుంది కాబట్టి, నేల మీద నడవలేనివారు స్కూబా డైవింగ్‌లో స్వేచ్ఛగా కదలగలరు. వికలాంగులకు డైవింగ్ నేర్పేందుకే 1981లో అమెరికాలో ఒక సంఘం పుట్టింది. టాండెమ్ పారాగ్లైడింగ్‌లో గ్లైడర్‌ను నడిపేది వెనక కూర్చున్న పైలట్.

ప్రమాదం లేదని కాదు, అది ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది. వెన్నుపాము దెబ్బతిన్నవారికి కాళ్లలో స్పర్శ ఉండకపోవచ్చు. పగడపు దిబ్బకు గీసుకున్నా తెలియదు కాబట్టి ఒళ్లంతా కప్పే సూట్ వేసుకోవాలి. మెడ దగ్గర గాయమైనవారికి ఎండను, చలిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. మూర్ఛ ఉన్నవారికి సాధారణంగా డైవింగ్ వద్దంటారు. ఎవరికి ఏది కూడదో చెప్పాల్సింది వాళ్ల సంగతి తెలిసిన డాక్టరు, శిక్షణ పొందిన గైడు. కుటుంబంలోని భయం కాదు.

అపోహ: చూపులేనివారికి ఊళ్లు తిరిగితే ఏం లాభం?

వాస్తవం: 25 ఏళ్లకే పూర్తిగా చూపు పోయిన బ్రిటిష్ నావికాధికారి జేమ్స్ హోల్మన్ (1786–1857) రైళ్లు ఇంకా విస్తరించని, ఫోన్లు లేని కాలంలో ప్రపంచం చుట్టి, యాత్రా గ్రంథాలు రాశాడు. ఊరంటే కంటికి కనిపించేది ఒక్కటే కాదు. సంత అరుపులు, సముద్రపు గాలి, చేతికి తగిలే రాతి నునుపు, నాలుకకు తగిలే రుచి అన్నీ కలిస్తేనే ఊరు. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లో ప్రారంభించిన 'అనుభవ్' గ్యాలరీలో కళాఖండాల నమూనాలను చేతితో తడిమి తెలుసుకోవచ్చు. మన మ్యూజియాలూ ఈ బాట పట్టవచ్చు.

అపోహ: ర్యాంపు కట్టేస్తే ఆ చోటు అందరికీ అందుబాటులోకి వచ్చినట్టే.

వాస్తవం: అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం 12 అడుగుల పొడవు ర్యాంపు ఉండాలన్నది ప్రమాణం. మన లాడ్జీల ముందు కనిపించేవి చాలావరకు లగేజీ జారడానికి పనికొచ్చే వాలుబండలు. ర్యాంపు సరిగ్గా ఉన్నా బాత్రూమ్ తలుపులో కుర్చీ పట్టకపోతే ఆ గది దండగే. వినపడనివారికి ప్రకటనలు తెర మీద కనపడాలి. ఆటిజం ఉన్న పిల్లలకు రద్దీ, రొద లేని మూల కావాలి. బయటికి కనపడని వైకల్యం ఉన్నవారి కోసం లండన్ గాట్విక్ విమానాశ్రయం 2016లో పొద్దుతిరుగుడు పూల ట్యాగ్ ప్రవేశపెట్టింది. అది మెడలో ఉంటే సిబ్బంది కాస్త ఆగి మాట్లాడతారు. ఇప్పుడది చాలా దేశాలకు పాకింది.

కట్టడంతోపాటు కాపాడుకోవడమూ ముఖ్యమే. చెన్నై మెరీనా బీచ్‌లో 2022 నవంబరులో వీల్‌చైర్లు అలల దాకా వెళ్లేలా చెక్కబాట వేశారు. రెండు వారాలు తిరక్కుండానే మాండౌస్ తుపానుకు అది దెబ్బతింది. మళ్లీ బాగుచేశారు. మన విశాఖ తీరానికీ అలాంటి బాట అవసరం.

చార్మినార్ పైకి 149 మెట్లున్నాయి, బొర్రా గుహల్లోకి మెట్ల మీదే దిగాలి. కొన్నిచోట్ల పరిమితులుంటాయి. ఆ సంగతి వెబ్‌సైట్‌లో ముందే స్పష్టంగా రాస్తే, అంత దూరం వచ్చి గుమ్మంలో ఆగిపోయే బాధ తప్పుతుంది.

అపోహ: ఇదంతా జాలితో చేసే ఉపకారం. పైగా కొద్దిమంది కోసం అంత ఖర్చా?

వాస్తవం: 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వాళ్లకోసం వేసిన ర్యాంపు మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, గర్భిణులకు, పిల్లల బండి తోసే తల్లులకు కూడా పనికొస్తుంది. అందుబాటు ప్రమాణాలను ఐచ్ఛికంగా వదిలేసిన నిబంధన చట్టానికి విరుద్ధమని, తప్పనిసరి ప్రమాణాలు తేవాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో తీర్పు చెప్పింది. ఈ కేసులో దేశంలోని పరిస్థితిపై కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే. ఇది హక్కు, దయ కాదు.

చివరిగా ఒక సూచన. హోటల్‌కు ఫోన్ చేసి "వీల్‌చైర్‌కు వీలుంటుందా?" అని అడిగితే "ఉంటుంది సార్" అనే అంటారు. గుమ్మం దగ్గర మెట్లెన్ని, బాత్రూమ్ తలుపు వెడల్పు ఎన్ని అంగుళాలు అని అడగండి, ఫొటోలు పంపమనండి. సౌకర్యం లేని ప్రభుత్వ భవనం, స్టేషన్ కనపడితే ఫొటో తీసి సుగమ్య భారత్ యాప్‌లో పెట్టండి, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు రాయండి. చట్టాన్ని ఉల్లంఘిస్తే తొలిసారి 10 వేల దాకా, మళ్లీ చేస్తే 5 లక్షల దాకా జరిమానా ఉంది. అడిగేవాళ్లుంటేనే ఆ చట్టం కదులుతుంది.