రెండు కేజీల పాపాయికి ఎన్ని కుట్లు?

మా అక్కయ్య కూతురికి సీమంతం అయిన మర్నాడే అక్కయ్య ఊలు ఉండలు ముందేసుకుని కూర్చుంది. పిల్ల నీళ్ళాడే వేళకి స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు సిద్ధంగా ఉండాలని తన ఆరాటం. "ఉప్పలగుప్తంలో స్వెట్టరేంటే, కొబ్బరిచెట్లకి కూడా చెమట పోస్తుంటే!" అని బావగారి ఎగతాళి. సముద్రం పక్కనున్న ఊరు, పుష్యమాసం తెల్లారగట్ల మంచు ఎలా కురుస్తుందో ఆయనకి మాత్రం తెలీదా?

పుస్తకంలో ఉన్న నమూనా ఆర్నెల్ల బిడ్డది. అక్కయ్య దాన్ని అచ్చంగా అల్లేసింది. తీరాచూస్తే పాప ఆరు వారాల ముందే వచ్చేసింది. రెండే రెండు కేజీలు. రెండున్నర కేజీల లోపు పుడితే తక్కువ బరువు కిందే లెక్క. కాకినాడ ఆసుపత్రిలో ఆ స్వెట్టరు పాప పక్కన పరిస్తే అదే ఒక దుప్పటిలా ఉంది.

అక్కడి నర్సమ్మ దాన్ని చూసి, "ఇలా తలమీంచి దూర్చేవి వద్దండీ. ముందువైపు తెరుచుకోవాలి, చేతులుండకూడదు. టోపీ మాత్రం తప్పనిసరి" అంది. బిడ్డని తల్లి గుండెలమీద ఒంటికి ఒళ్ళు ఆనేలా పడుకోబెట్టి పైన గుడ్డ చుట్టే పద్ధతి అది. కంగారూ తల్లి సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా దేశంలో, బొగోటా నగరంలోని ఒక ఆసుపత్రిలో మొదలైంది. పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

ఆ రాత్రే అక్కయ్య ఫోను. "చిన్నీ, కుట్లన్నీ సగం చేసేస్తే సరిపోతుందిటే?"

సరిపోదు. అక్కడే చాలామందిమి బోల్తాపడతాం. ఆర్నెల్ల బిడ్డ ఛాతీ దాదాపు పదిహేడు అంగుళాలు. మా పాపది పన్నెండు. అంటే సగం కాదు, మూడింట రెండొంతుల పైమాటే. తల అయితే ఛాతీ కంటే కాస్త పెద్దదే. పసిపిల్లల్లో తల ముందు, ఒళ్ళు తర్వాత పెరుగుతాయి. సుమారు ఏడాది వచ్చేసరికి గానీ ఛాతీ తలని అందుకోదు. అందుకే మెడ దగ్గర ఇరుకైన స్వెట్టరు ఎంత ముద్దుగా ఉన్నా పెట్టెలోనే మిగిలిపోతుంది.

అసలు లెక్క మొదలయ్యేది మచ్చు ముక్కతో. పుస్తకాల్లో దీన్ని 'టెన్షన్' అంటారు. మనం పడే టెన్షన్ కాదు లెండి, చేతి బిగువు. నాలుగంగుళాల చదరం అల్లి, ఉతికి, ఆరాక మధ్యలో ఒక అంగుళానికి ఎన్ని కుట్లున్నాయో, ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టాలి. పుస్తకం అంగుళానికి ఏడు కుట్లు, తొమ్మిది వరసలు అంది. అక్కయ్య చెయ్యి బిగువు. తనకి ఎనిమిది కుట్లు పట్టాయి. వెనక భాగానికి 67 కుట్లు ఎక్కిస్తే తొమ్మిదిన్నర అంగుళాలు రావాల్సింది ఎనిమిదిన్నర కూడా రాలేదు. ఆర్నెల్లదని అల్లింది ఎలాగూ ఆర్నెల్లకి పట్టేది కాదన్నమాట! సూది ఒక నెంబరు లావుది తీసుకోమన్నాను. పదో నెంబరు వదిలి తొమ్మిదో నెంబరుతో అల్లితే సరిగ్గా ఏడు వచ్చాయి.

నెంబర్లంటే గుర్తొచ్చింది. మన దుకాణాల్లో దొరికేవి పాత ఇంగ్లీషు కొలత సూదులు. నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. అమెరికాలో తద్విరుద్ధం. మన ఎనిమిదో నెంబరు నాలుగు మిల్లీమీటర్లు, వాళ్ళ ఎనిమిది అయిదు. మన పది మూడుంపావు, వాళ్ళ పది ఏకంగా ఆరు! అక్కడున్న కోడలో కూతురో నమూనా పంపితే నెంబరు చూడకండి, మిల్లీమీటర్లు అడగండి.

ఇక పాపకి. ఛాతీ పన్నెండు, వదులుకి రెండు, మొత్తం పద్నాలుగు. వెనక భాగం ఏడంగుళాలు. ఏడేళ్ళు నలభై తొమ్మిది, అంటే 49 కుట్లు. ఇక్కడ ఇంకో చిక్కుంది. అక్కయ్య ఎంచుకున్న ఆకు డిజైను ఆరేసి కుట్లకోసారి తిరిగొస్తుంది, చివర ఒక కుట్టు అదనం. 67లో పదకొండు ఆకులు. 49లో సరిగ్గా ఎనిమిది. మా అదృష్టం. అదే యాభై వచ్చి ఉంటే? ఒక కుట్టు వదులుకోవాలే తప్ప ఆకుని మధ్యకి కొయ్యకూడదు. అంగుళంలో ఏడోవంతు తేడా పసిదానికేం తెలుస్తుంది?

ముందు భాగం రెండు ముక్కలు. అంచు పట్టీ అయిదు కుట్లు ఒకదానిమీద ఒకటి పడతాయి కాబట్టి 49కి అయిదు కలిపి సగం చేస్తే ఒక్కో ముక్కకి 27. పట్టీ పోగా మిగిలిన 22లో ఆకులు సరిగ్గా కుదరవు. ముందువైపు సాదాగా అల్లెయ్యమన్నాను.

"వీపు మీద ఆకులు ఎవరు చూస్తారే?" అంది అక్కయ్య.

"తల్లి గుండెలమీద బోర్లా పడుకునే బిడ్డకి కనపడేది వీపే కదా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "ఆయ్, నిజమే" అంది.

పొడవుని మాత్రం కుట్లతో కాదు, వరసలతో చూసుకోవాలి. చంక కిందికి నాలుగంగుళాలు, ముప్పై ఆరు వరసలు. చంక నుంచి భుజానికి మూడంగుళాలు, ఇరవై ఏడు. చేతులు లేవు గనక ఆ తలనొప్పి తప్పింది.

టోపీకి తల చుట్టుకొలత కంటే కాస్త తక్కువ ఉండాలి, లేకపోతే నిలవదు. పన్నెండున్నర తలకి 80 కుట్లు ఎక్కించాం. ఎనభై ఎందుకంటే నడినెత్తిన ఎనిమిది భాగాలుగా తగ్గించుకుంటూ రావడానికి వీలు. మరీ వదులైతే మొహం మీదికి జారి ఊపిరాడదు. మరీ బిగుతైతే నుదుటిమీద గీత పడుతుంది, అది కనిపిస్తే తీసెయ్యండి.

దారం సంగతి. తక్కువ ధరలో ఊలు అని అమ్మేవాటిలో చాలామటుకు ఆక్రిలిక్ కలిసిందే. చెమట పీల్చదు. మన ఉక్కకి నూలు దారమే నయం. అయితే నూలు ఊలులా సాగదు, కాబట్టి వదులు విషయంలో పిసినారితనం వద్దు. మెడకి రిబ్బన్లు కట్టకండి. ముడి ఛాతీ దగ్గర, పొట్టి నాడాతో వెయ్యండి. లోపలివైపు వదులు దారాలుంటే పసి వేళ్ళు చిక్కుకుంటాయి. తిరగేసి మీ వేలు పెట్టి చూడండి.

కుట్లు మార్చకుండా సైజు మార్చే ఉపాయం ఒకటుంది. సన్నదారం, సన్నసూది తీసుకుంటే అదే లెక్క చిన్న చొక్కా అయిపోతుంది. అంగుళానికి తొమ్మిది కుట్లు పట్టే దారంతో ఆ 67 కుట్లే ఏడున్నర అంగుళాలు. వశిష్ఠ అవతల నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళకి ఇది కొట్టినపిండి. నలభై నెంబరు దారంతో అల్లిన పువ్వే ఇరవై నెంబరుతో పెద్దదవుతుంది. వాళ్ళ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లోనే వాళ్ళ మీద పుస్తకం రాసింది. రోజంతా అల్లినా ఆ పనిని ఇంట్లో కాలక్షేపం కిందే జమకట్టారని ఆవిడ బాధ. ఇప్పుడు మాత్రం ఎవరైనా "తీరిగ్గా కూర్చుని అల్లుకుంటున్నావా?" అంటే అక్కయ్యకి ఒళ్ళుమండదూ?

రెండు రోజుల్లో చొక్కా, టోపీ ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ చేరాయి. మూడో రోజున అక్కయ్య ఆ పెద్ద స్వెట్టరు విప్పేసింది. విప్పిన ఊలు నూడుల్సులా వంకర్లు తిరిగి ఉంటుంది. చిలపలు చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి వేలాడదీస్తే తిన్నగా అవుతుంది.

మొన్న పాపని కొలిచాం. ఛాతీ పదహారు అంగుళాలు! వదులు రెండు కలిపితే పద్దెనిమిది, వీపుకి తొమ్మిది, కుట్లు 63. ఆకులు కుదరాలంటే అటు 61, ఇటు 67.

"ఏది ఎక్కించనే?" అంది అక్కయ్య, తొమ్మిదో నెంబరు సూదులు పట్టుకుని.

అరవై ఏడే అన్నాను. పెరిగే పిల్ల కదా.