సందులుంటేనే కంచె

గాలికి కొట్టుకొచ్చే మంచును రోడ్డు మీద ఎత్తిపోసుకోవడం కన్నా, రోడ్డుకు రాకముందే దించేయడం చవక. అమెరికాలోని ఓ హైవేకు యాభై ఏళ్ల కిందట తెలిసొచ్చిన సంగతి ఇది.

వయోమింగ్ రాష్ట్రంలో ఎల్క్ మౌంటెన్ చుట్టుపక్కల గడ్డి మైదానాల్లో పొడవాటి చెక్క కంచెలు బారులు తీరి ఉంటాయి. వాటి వెనక తోటా ఉండదు, పశువుల దొడ్డీ ఉండదు. అడ్డంగా కొట్టిన పలకల మధ్య ఇంచుమించు పలక వెడల్పంత సందు, అడుగున నేలకు తగలకుండా మరికొంత ఖాళీ. అవి కాపు కాసేది తామున్న పొలాన్ని కాదు, వంద మీటర్లకు పైగా అవతల ఉన్న ఇంటర్‌స్టేట్ 80 రహదారిని. లారమీ నుంచి వాల్‌కాట్ జంక్షన్ దాకా ఈ రహదారిని 1970 అక్టోబరులో తెరిచారు. మెడిసిన్ బో మీదుగా చుట్టు తిరిగి వెళ్లే పాత రోడ్డును కాదని, కొండల అంచున దగ్గర దారి వేశారు. ఆ గాలుల సంగతి ఎరిగిన స్థానికులు ముందే వద్దన్నారు. మొదటి చలికాలంలోనే దారి పదేపదే మూతపడింది. వియత్నాం యుద్ధంలో పేరుపడ్డ హో చి మిన్ ట్రైల్‌ను గుర్తుచేస్తూ జనం దానికి ‘స్నో చి మిన్ ట్రైల్’ అని పేరుపెట్టారు. 1971 నుంచి కంచెలు లేచాయి. వాటి రూపకల్పనకు ఆధారమైన పరిశోధన అమెరికా అటవీ శాఖలో హైడ్రాలజిస్టుగా పనిచేసిన రోనాల్డ్ టాబ్లర్‌ది.

అక్కడ అసలు చిక్కు ఆకాశం నుంచి పడే మంచుతో కాదు, పడ్డాక గాలికి లేచే మంచుతో. ఎండ కాస్తున్నా సరే, ఈదురుగాలి వీస్తే నేల మీది పొడిమంచు కదులుతుంది. రేణువులు గెంతుతూ, ఒకదాన్నొకటి తాకి లేపుకుంటూ ఎక్కువగా నేలకు దగ్గరగానే పరుగెడతాయి. ఆ మంచును మోసేది గాలి వేగమే కాబట్టి, వేగం తగ్గితే చాలు, బరువు కింద పడిపోతుంది. మరి నిండు గోడ కడితే సరిపోదా? సరిపోదు. గోడకు కొట్టుకున్న గాలి పైకెగసి అవతల సుడులు తిరుగుతుంది. దాని వెనక దిబ్బ పొట్టిగా ఏర్పడి త్వరగా నిండిపోతుంది. సగం ఖాళీగా ఉన్న కంచె మాత్రం గాలిని కొంత పోనిచ్చి, అవతల చాలా దూరం వరకు దాని జోరు తగ్గిస్తుంది. అందుకే మంచు పొడవుగా, నింపాదిగా పేరుకుంటుంది. అడుగున వదిలిన ఖాళీ వల్ల కంచె తాను పోగేసిన మంచులోనే కూరుకుపోదు.

ఈ పద్ధతి ఫలితమంతా కొలతల్లోనే ఉంది. టాబ్లర్ సూత్రం ప్రకారం 2 మీటర్ల కంచె నిండేసరికి మీటరు పొడవుకు దాదాపు 39 టన్నుల మంచును పట్టి ఉంచుతుంది. 4 మీటర్ల కంచె 180 టన్నుల దాకా పట్టి ఉంచుతుంది. ఎత్తు రెట్టింపు చేస్తే నిల్వ నాలుగున్నర రెట్లు దాటుతోందన్నమాట. పూర్తిగా నిండిన దిబ్బ కంచె ఎత్తుకు 35 రెట్ల దూరం సాగుతుంది కాబట్టి, కంచెకూ రోడ్డుకూ మధ్య కనీసం అంత ఎడం ఉండాలి. ఆ లెక్క తెలియక రోడ్డు పక్కనే కంచె పాతితే, వద్దనుకున్న దిబ్బను తెచ్చి తారు మీద పెట్టుకున్నట్టే. కంచెలతో పని కాలేదన్న ఫిర్యాదు విన్నప్పుడు ముందుగా చూడాల్సింది ఈ దూరాన్నీ ఎత్తునూ.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది, ఇన్ని కంచెలున్నా ఇంటర్‌స్టేట్ 80 ఇప్పటికీ మూతపడుతూనే ఉంది కదా అని. నిజమే. ఈదురుగాలికి ఖాళీ లారీలు పల్టీ కొడతాయి, నేరుగా రోడ్డు మీదే మంచు కురుస్తుంది. ఈ రెండింటినీ కంచె ఆపలేదు. కొట్టుకొచ్చే మంచుకు విరుగుడును, కంచె పని కాని వాటితో తూచి తీసిపారేయడం న్యాయం కాదు. రెండోది భూమి సమస్య. రోడ్డుకు దూరంగా ఉండే స్థలం సాధారణంగా ఎవరో రైతుదై ఉంటుంది. మిన్నెసోటా రవాణా శాఖ దీనికి దారి వెతికింది: రోడ్డు వైపు మొక్కజొన్న వరసలు కొన్నింటిని కోయకుండా చలికాలమంతా నిలిపి ఉంచితే రైతుకు డబ్బు చెల్లిస్తుంది. చెట్లు, పొదలు పెంచినా ఫలితం ఉంటుంది. కాకపోతే అవి ఎదిగి అక్కరకొచ్చేదాకా ఏళ్లు ఆగాలి. మూడోది ఖర్చు. 1991లో వెలువడిన మంచు కంచెల మార్గదర్శిలో టాబ్లర్ దీనికి లెక్క కట్టి చూపాడు: ఒక టన్ను మంచును యంత్రాలతో తొలగించడానికి అయ్యేది, దాన్ని కంచెతో ఆపడానికి అయ్యేదానికి సుమారు వంద రెట్లు. అయితే గాలికి కొట్టుకొచ్చే మంచు బాగా తక్కువైన చోట ఈ లెక్క నిలవదు. అలాంటి చోట కంచె వద్దనడమే సబబు.

ఈ సూత్రం రోడ్లకే పరిమితం కాదు. వయోమింగ్‌లోనే పశువులకు తాగునీటి కోసం గుంటల దగ్గర కంచెలు కట్టి, వేసవికి కరిగే మంచును నిల్వచేసిన సందర్భాలున్నాయి. సముద్రతీరాల్లో ఇసుకను పట్టడానికీ ఇలాంటి కంచెలే వాడతారు. ఆంధ్ర తీరం వెంట పెంచిన సరుగుడు తోపులు చేసే పనీ ఈ కోవలోదే: గాలిని పూర్తిగా అడ్డుకోకుండా వడకట్టి, ఇసుకను కదలకుండా నిలపడం.

ఇంత చవకైన ఉపాయం తగినంతగా వాడుకలోకి రాకపోవడానికి కారణం ఇంజినీరింగులో లేదు, లెక్కల పుస్తకంలో ఉంది. మంచు తొలగించే బండి రోడ్డు మీద తిరుగుతుంటే పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది. దాని డీజిలు, డ్రైవరు జీతం ఏటా పద్దుల్లోకి ఎక్కుతాయి. కంచె వల్ల రోడ్డు మీదికి రాని మంచుకు పద్దు లేదు, జరగని ప్రమాదానికి కేసు నమోదు కాదు. అందుకే రోడ్డు వేసేటప్పుడే గాలి దిశనూ మంచు రాకనూ కొలిచి, కంచెకు కావాల్సిన స్థలాన్నీ నిధులనూ రోడ్డు అంచనాల్లోనే చేర్చాలి. మూతపడ్డాక కట్టే కంచె కన్నా రోడ్డుతో పాటే లేచే కంచెకు ఖర్చు తక్కువ.