చక్రములు దిగని విమానము

హైదరాబాదు నగరమునకు పడమటి అంచున గోపన్‌పల్లి యను ఊరు కలదు. ఒకప్పుడిది పొలములతోను, రాతిగుట్టలతోను, చెరువుతోను ఒప్పుచుండెడి చిన్న పల్లె. నేడు దాని చుట్టును సాఫ్ట్‌వేరు సంస్థల అద్దాల మేడలు లేచినవి. ఈ ఊరికి తూర్పున బేగంపేట, ఈశాన్యమున దుండిగల్, ఆగ్నేయమున శంషాబాదు విమానక్షేత్రము లున్నవి. కావున ఆకాశమున విమానము మ్రోగిన ఇచ్చటి బాలురు తలయెత్తి చూచుట అరుదు. వారికది నిత్యదృశ్యము. అయినను, నేలకు దిగివచ్చుచున్న విమానమును శ్రద్ధగా గమనించినవారికి ఒక వింత కానవచ్చును. అంతవరకు నునుపుగా నున్న దాని అడుగుభాగమున తలుపులు తెరచుకొని, చక్రములు మెల్లగా వెలికివచ్చును. పక్షి కొమ్మపై వాలుటకు ముందు కాళ్లు చాచినట్లు ఆ దృశ్య ముండును. ఆ చక్రములు ఒకనాడు వెలికి రాకున్నచో ఏమగును? లోపల నున్నవారి గతి యేమి?

విమానచక్రములు రెండు విధములు. విద్యార్థులు మొదట నేర్చుకొను సెస్నా 152, సెస్నా 172 వంటి చిన్న విమానములలో పెక్కింటికి చక్రము లెల్లప్పుడును వెలుపలనే యుండును. అవి ముడుచుకొనవు గనుక, దిగకపోవు నను భయము లేదు. కాని వెలుపల నుండు చక్రములు గాలికి అడ్డుపడును. వేగము రెట్టింపైనచో గాలి కలిగించు నిరోధము ఇంచుమించు నాలుగు రెట్లగును. ఇంధనము వ్యర్థమగును. అందుచే వేగముగా పోవలసిన విమానములకు, నేలను విడిచిన వెంటనే ముడుచుకొను చక్రములను అమర్చిరి. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో 2013 నుండి శిక్షణకు వాడుకలోనికి వచ్చిన పిలాటస్ విమానమునకును ఇట్టి చక్రములే కలవు. ఈ సౌకర్యమునకు మూల్య మొకటి చెల్లింపవలెను. కదలవలసిన వస్తువు ఏదైనను ఎన్నడో ఒకనాడు కదలక మొరాయింపవచ్చును.

చోదకుడు తన ముందున్న మీటను క్రిందికి దింపగనే, విద్యుత్ మోటారు గాని, ఒత్తిడికి లోనైన హైడ్రాలిక్ తైలము గాని చక్రములను వెలికి నెట్టును. చక్రపుకాలు పూర్తిగా చాచుకొనిన పిదప ఒక బిగింపు పడి, దానిని మరల ముడుచుకొనకుండ నిలుపును. అప్పుడు ముందుచక్రమునకు ఒకటి, ప్రక్కచక్రములకు రెండు, మొత్తము మూడు పచ్చదీపములు వెలుగును. మూడును వెలిగినగాని చోదకుడు విమానమును నేలకు దింపరాదు. ఒక దీపము వెలుగకున్నచో దానికి కారణములు పలువిధములు. తైలము కారిపోయి యుండవచ్చును. మోటారునకు విద్యుత్తు అందకపోయి యుండవచ్చును. బిగింపు పడకపోయి యుండవచ్చును. లేక, చక్రము చక్కగా దిగియే యుండి, దీపము మాత్రము మాడిపోయి యుండవచ్చును.

దీపము మాడుట అల్పవిషయముగా తోచును. కాని అల్పవిషయమే ఒకప్పుడు మహావిపత్తునకు దారితీసినది. 1972 డిసెంబరు 29వ తేదీ రాత్రి, అమెరికా దేశమున న్యూయార్కు నుండి 176 మందితో వచ్చిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి పెద్ద విమానము మయామి నగరమున దిగబోవుచుండెను. ముందుచక్రపు పచ్చదీపము వెలుగలేదు. చోదకులు విమానమును రెండువేల అడుగుల ఎత్తునకు కొనిపోయి, దానిని స్వయంచాలక యంత్రమునకు అప్పగించి, ఆ దీపమును పరీక్షించుటలో మునిగిరి. ఇంతలో ఎత్తును నిలుపు ఏర్పాటు వారికి తెలియకుండనే తొలగిపోయెను. విమానము కొంచెము కొంచెముగా క్రిందికి జారజొచ్చెను. దిగువనున్నది జనావాసము లేని చిత్తడినేల, కారుచీకటి. ఎత్తును తెలుపు ముల్లు వారి కన్నుల ముందే యున్నను దానిని చూచినవారు లేరైరి. విమానము నేలను తాకి ముక్కలయ్యెను. నూట యొక్కమంది మరణించిరి. పిదప విచారించి చూడగా, ముందుచక్రము సరిగానే దిగి యుండెను. చెడినది దీపమే.

ఈ దుర్ఘటన నుండి వైమానికలోకము నేర్చిన పాఠ మొకటి కలదు. ఏమి చెడినను, మొదట విమానమును నడుపవలెను. తక్కిన పనులన్నియు దాని తరువాతివి. ఇద్దరు చోదకులున్నచో ఒకరు విమానమునే చూచుకొనవలెను, రెండవవారు లోపమును వెదకవలెను. చిన్న విమానమున చోదకు డొక్కడే యుండును. అతడు ఒక పని చేసి, తలయెత్తి ఎత్తును వేగమును చూచి, పిమ్మట మరియొక పనికి పూనుకొనవలెను.

అట్టి ఒంటరి చోదకుని పని యెట్లుండునో చూడదగును. పచ్చదీపము వెలుగలేదని తెలిసినంతనే అతడు దిగుప్రయత్నమును మాని, సురక్షితమైన ఎత్తునకు ఎక్కును. ఇంధన మెంత కలదో, ఎంతసేపు వచ్చునో లెక్కించును. ఇంధన మున్నంతవరకు కాలమును ఉన్నట్లే. కంట్రోల్ టవరు వారికి తన యిబ్బందిని దాచక తెలుపును. సహాయము కోరుట చిన్నతనమని తలంచి ఆలస్యము చేయుట ఇచ్చట అపాయకరము. అనంతరము, కష్టకాలమున చేయవలసిన పనులను వరుసగా వ్రాసియుంచిన పట్టికను తెరచి, ఒక్కొక్కటి చదువుచు చేయును. పట్టిక కంఠస్థమైనను చదివియే చేయును. భయమునందు జ్ఞాపకము నమ్మదగినది కాదు.

విద్యుత్తు తెగినదేమో, దీపము మాడినదేమో మొదట చూడవలెను. అప్పటికిని ఫలము లేనిచో, చక్రములను దింపుటకు వేరొక మార్గము ప్రతి విమానమునను ఏర్పరచి యుందురు. పైపర్ ఆరో అను విమానమున ఒక మీటతో తైలపు ఒత్తిడిని తొలగించినచో చక్రములు తమ బరువుచేతనే క్రిందికి వ్రాలును. ముడుచుకొను చక్రములు గల సెస్నా విమానములలో చేతిపంపు కలదు. బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలో చేతితో త్రిప్పు పిడి కలదు. దానిని సుమారు ఏబది మారులు త్రిప్పవలెను. ఒక చేత విమానమును నిలుపుచు, మరియొక చేత పిడిని త్రిప్పుట శ్రమతో కూడిన పని. తొందరపడినవాని చేతిలో విమానము ఒరిగిపోవును.

తరువాత విమానమును టవరు ప్రక్కగా నడిపి, చక్రములు దిగినవో లేదో క్రిందివారిచే చూపించుకొనవచ్చును. అయితే చక్రము దిగినట్లు కనబడిన మాత్రమున బిగింపు పడినదని అర్థము కాదు. కావున దిగిన పిమ్మట అది ముడుచుకొనిపోవచ్చు నను జాగ్రత్త తప్పదు.

ఏ యుపాయమును ఫలింపనిచో, మిగిలినది పొట్టమీద దిగుటయే. ఒకప్రక్క చక్రము మాత్రమే దిగి, రెండవప్రక్కది దిగనిచో విమానము ఒకవైపునకు ఒరిగి గిరగిర తిరుగు ప్రమాదము కలదు. అట్టియెడ, వీలైనచో అన్నింటిని ముడిచి పొట్టపై దిగుటయే సాధారణముగా మేలు. చోదకుడు అగ్నిమాపక దళమును వైద్యులును గల పొడవైన రన్‌వేను ఎన్నుకొనును. నిప్పు పుట్టినచో మండుట కెక్కువ లేకుండునట్లు, గాలిలో తిరుగుచు ఇంధనమును కరగించును. ప్రయాణికులచే పట్టీలు బిగింపించి, మొనదేలిన వస్తువులను దూరముగా పెట్టించి, వంగి కూర్చుండు విధమును ముందుగనే నేర్పును. పిమ్మట నిత్యము దిగునట్లే, నెమ్మదిగా, రెక్కలు సమముగా నుండునట్లు దిగును. నేలను తాకిన పిమ్మట ఇంధనమును విద్యుత్తును ఆపి, విమానము నిలిచినంతనే అందరిని వెలికి పంపును.

ఈ సమయమున చోదకుని మనసున ఒక ఆశ పుట్టవచ్చును. ఇంజనును గాలిలోనే ఆపినచో, పంఖా నేలకు తగిలి వంగదు గదా, ఎంతో ధనము మిగులును గదా యని తోచును. కాని ఇంజను ఆగినచో లెక్క తప్పినప్పుడు మరల పైకి లేచు అవకాశ ముండదు. పంఖాను మరల కొనవచ్చును. ప్రాణమును కొనలేము. అందుచే అనుభవజ్ఞులు ఆ యాశను విడువుమనియే బోధింతురు.

ఈ బోధ వట్టి మాటలు కాదనుటకు మన దేశముననే నిదర్శనము కలదు. 2021 మే 6వ తేదీన ఒక రోగిని ఎక్కించుకొని నాగపూరు నుండి లేచిన చిన్న బీచ్‌క్రాఫ్ట్ విమానము యొక్క చక్రమొకటి, నేలను విడుచునప్పుడే ఊడి పడిపోయెను. విమానమును ముంబయికి మరల్చిరి. అచ్చట రన్‌వేపై నురుగు పరచి, అగ్నిమాపక దళము వారు సిద్ధముగా నిలిచిరి. ఆ రాత్రి చోదకుడు విమానమును పొట్టపై దింపెను. రోగితో సహా అందరును క్షేమముగా బయటపడిరి.

2024 మే 13వ తేదీన ఆస్ట్రేలియాలో న్యూకాసిల్ నుండి ఇద్దరు ప్రయాణికులతో బయలుదేరిన బీచ్‌క్రాఫ్ట్ విమానమునకును చక్రముల యిబ్బంది కలిగెను. దాని చోదకుడు తొందరపడలేదు. ఇంధనము తగ్గువరకు దాదాపు మూడుగంటలు గాలిలోనే తిరిగెను. పిదప పొట్టపై రన్‌వేను మృదువుగా తాకి, కొంతదూరము జారి నిలిచెను. ముగ్గురును తమ కాళ్లపై నడిచి వెలికివచ్చిరి.

మయామి విమానమున చక్రములు దిగియే యున్నవి. అయినను నూట యొక్క ప్రాణములు పోయినవి. ముంబయిలో చక్రము ఊడిపోయినది, న్యూకాసిల్‌లో చక్రములు అక్కరకు రాలేదు. అయినను ఒక్క ప్రాణమును పోలేదు. భేదము యంత్రమున లేదు. ఏది ముందు చేయవలెనో, ఏది తరువాత చేయవలెనో మరువని మనస్సున కలదు. ధైర్యమన భయము లేకుండుట కాదు; భయమునందును పనుల వరుస తప్పకుండుట. ఇకమీదట గోపన్‌పల్లి బాలుడు తలయెత్తి, దూరమున చక్రములు చాచి దిగుచున్న విమానమును చూచినప్పుడు, లోపల మూడు పచ్చదీపములను లెక్కించుచున్న చోదకుని తలచుకొనును గాక.