పేటెంటు గడపలో తొలి ప్రశ్న

వడ్డాది, చోడవరము ప్రాంతములలో చెరకు పండించు రైతు ఒకడు మూడు సంగతులు సాధించినాడని అనుకొందము. తక్కువ పిప్పితో బెల్లము వండు పొయ్యి నొకదానిని కట్టెను. చెరకు ముచ్చెలు నాటుటకు క్రొత్త పద్ధతి నొకదానిని కనిపెట్టెను. తాతలనాటి ఆకుపసరు పుండ్లను మాన్పునని తన అనుభవమున రూఢి చేసికొనెను. ఈ మూడింటికిని పేటెంటు లభించునా?

పేటెంటు సన్మానపత్రము కాదు. దరఖాస్తు పెట్టిన నాటినుండి 20 ఏండ్లపాటు, తన అనుమతి లేక ఆ వస్తువును ఇతరులు చేయకుండ, అమ్మకుండ ఆపగల హక్కు. కనుకనే పరీక్షకుడు మొదట "ఇది మంచిదా?" అని అడుగడు; "ఇది అసలు పేటెంటునకు తగిన కోవలోనిదేనా?" అని అడుగును. వర్ణన ఎన్ని పుటలున్నను, "ఇంతవరకు నాది" అని దరఖాస్తుదారుడు హద్దులు గీచుకొను భాగమే ప్రధానము. దానిని క్లెయిములందురు. ఆ క్లెయిములను 1970 నాటి పేటెంట్ల చట్టములోని 3వ సెక్షనుతో సరిచూచును.

మన రైతు పొయ్యి ఒక పరికరము, గడప దాటును. ఆ పిమ్మట అది క్రొత్తదా, ఆ పని తెలిసినవానికి సులభముగా తోచునదా, పరిశ్రమలో వినియోగపడునా అను విచారణ జరుగును. ముచ్చెలు నాటు విధానము ఎంత లాభకరమైనను గడపకడనే ఆగును. వ్యవసాయ పద్ధతులను ఆ సెక్షను మినహాయించినది. చేను నాటుకొనుటకు పొరుగువాని అనుమతి కోరవలసి వచ్చిన ఎట్లుండును? పసరు సంప్రదాయ జ్ఞానము, అదియు ఆగును.

పేరు మార్చిన లాభము లేదు. కేవలము లెక్కకట్టు సూత్రమును "యంత్రము" అని వ్రాసినను, పరీక్షకుడు మాటను విడిచి సారమును చూడవలెను.

ఈ ప్రశ్న బరువెంతో ఒక మందు కథ తెలుపును. రక్తపు క్యాన్సరునకు వాడు ఇమాటినిబ్ మందుయొక్క ఒక స్ఫటికరూపమునకై నోవార్టిస్ కంపెనీ 1998లో చెన్నైలో దరఖాస్తు చేసెను. అభ్యంతరము తెలిపినవారిలో హైదరాబాదు కంపెనీలైన నాట్కో, హెటిరో కలవు. 2006లో చెన్నై కార్యాలయము దానిని తిరస్కరించెను. తెలిసిన పదార్థపు క్రొత్త రూపము, గుణమును పెంచిననే గాని ఆవిష్కరణ కాదని అదే సెక్షనులోని నిబంధన. మందు విషయమున గుణమనగా రోగము కుదుర్చు శక్తియే యని చెప్పి, 2013 ఏప్రిలు 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలును కొట్టివేసెను. ఆ మందును ఇతరులు చౌకగా తయారుచేయు దారి మూతపడలేదు.

కార్యాలయపు బల్లకడ అడిగిన తొలి ప్రశ్నకు జవాబు, కడకు మన ఇంటి మందుల ఖర్చులో కనబడును.