ఖిబ్లా దిశ, చేతి ఫోను

మన ప్రాంతంలో ఖిబ్లా అంటే పడమర అని వాడుక. లెక్క కొంచెం వేరు. పొదిలి 15.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, మక్కా 21.4 డిగ్రీల మీద ఉన్నాయి. భూగోళం మీద అతి దగ్గరి దారిని బట్టి పొదిలి నుండి కాబా దిశ నేరు పడమరకు సుమారు 15 డిగ్రీలు ఉత్తరంగా పడుతుంది.

ఖిబ్లా యాప్ ఈ అంకెను సరిగానే కడుతుంది. చిక్కంతా ఉత్తరం ఎటో తెలుసుకోవడంలోనే. ఫోనులో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సర్ ఒకటి, భూమ్యాకర్షణను బట్టి కింది వైపు ఎటో చెప్పేది మరొకటి. రెండూ కలిస్తేనే ఫోను ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో తేలుతుంది. ఆండ్రాయిడ్‌లో తొలుత ఇందుకు 'ఓరియంటేషన్ సెన్సర్' అని విడిగా ఉండేది. 2010లో వచ్చిన 2.2 కూర్పుతో దాన్ని పక్కన పెట్టి, ఆ రెండు కొలతల నుండే దిశ రాబట్టమన్నారు.

భూమి అయస్కాంత బలం ఇక్కడ 40 మైక్రోటెస్లాల చిల్లర, బహు స్వల్పం. ఇనుప బీరువా, మోటారు సైకిలు, లౌడ్‌స్పీకరు పక్కన ముల్లు దారి తప్పడం వింత కాదు. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన వైపు తేడా ఒకటి రెండు డిగ్రీలే గనుక దానికి బెంగ అక్కరలేదు. ఫోనును ఆరుబయటకు తెచ్చి, ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పి, నేలకు సమంగా పట్టి చూడాలి.

కాబాకు దూరాన ఉన్నవారికి ఆ వైపు తిరగడమే విధి. హనఫీ ఫిఖహ్‌లో 45 డిగ్రీల లోపు తొలగినా నమాజు చెల్లుతుంది. కనుక నేరు పడమరకు కట్టిన పాత మస్జిదులో చేసిన నమాజులను ఫోను చూపి శంకించడం, జమాతులో తగవు పెట్టడం తగదు. కొత్త కట్టడానికి ముగ్గు పోసేటప్పుడు మాత్రం సూర్యుణ్ణి అడగడం మేలు. మే 28న మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2.48కి, జూలై 16న 2.57కి సూర్యుడు కాబాకు నడినెత్తిన ఉంటాడు. లీపు సంవత్సరమైతే ఒక రోజు ముందు. ఆ నిమిషాన నిట్టనిలువుగా పాతిన కర్ర నీడకు సరిగ్గా ఎదురు దిక్కే ఖిబ్లా.