ఆక్స్‌ఫర్డ్‌లో గది కావాలా? ముందు టర్మ్ తేదీలు చూడండి

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో టర్ములు ఏడాదికి మూడు. మైకెల్మస్, హిలరీ, ట్రినిటీ. ఒక్కోటి 8 వారాల చొప్పున మొత్తం 24 వారాలు. పిల్లల పట్టా ప్రదానానికి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బయల్దేరే తల్లిదండ్రులైనా, ఊరు చూడాలని వెళ్లేవాళ్లయినా విమానం టికెట్ కొనకముందే ఈ తేదీలు చూసుకోవాలి. ఆ ఊళ్లో బస దొరకడం, దాని ఖర్చు చాలావరకు వీటిమీదే ఆధారపడి ఉంటాయి.

మైకెల్మస్ అక్టోబరు రెండో వారం ప్రాంతంలో మొదలై డిసెంబరు తొలి వారంలో ముగుస్తుంది. తర్వాత సుమారు 6 వారాలు సెలవు. జనవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా హిలరీ, ఆపైన మళ్లీ 6 వారాల సెలవు. ఏప్రిల్ చివర్లో మొదలయ్యే ట్రినిటీ జూన్ మూడో వారంలో అయిపోతే, మళ్లీ అక్టోబరు దాకా 16 వారాలు. అంటే 28 వారాలు సెలవులే. చాలా కాలేజీల్లో డిగ్రీ విద్యార్థులు టర్మ్ ముగియగానే సామాను సర్దుకుని గది ఖాళీ చేయాలి. 30కి పైగా ఉన్న కాలేజీల్లో అనేకం ఆ గదుల్ని బయటివాళ్లకు రోజువారీ అద్దెకిస్తాయి. అయితే 28 వారాలూ మనవే అనుకోకూడదు. క్రిస్మస్‌కు కాలేజీలు మూతపడతాయి, సదస్సులకూ వేసవి కోర్సులకూ కొన్ని గదులు పోతాయి. నా సలహా అడిగితే జూలై నుంచి సెప్టెంబరు మధ్య దాకా చూడమంటాను.

హోటళ్లు లేవా అంటే ఉన్నాయి. 1996లో మూసేసిన జైలును కూడా హోటల్‌గా మార్చేశారు. కానీ గిరాకీకి తగినన్ని కొత్తవి నడిబొడ్డున లేవడం కష్టం. ఊరి మధ్యలో కార్‌ఫాక్స్ కూడలి ఉంది. అక్కడి పాత గోపురం ఎత్తు 23 మీటర్లు. దానికి 1,200 మీటర్ల పరిధిలో 18.2 మీటర్లకు మించిన కట్టడాలకు నగర పాలక సంస్థ అంత తేలిగ్గా ఒప్పుకోదు. మన లెక్కలో అయిదారు అంతస్తులు. శతాబ్దాల నాటి శిఖరాలు దూరం నుంచి కనిపించాలన్నదే ఉద్దేశం. గదుల కొరత పెరిగినా ఈ నిబంధన సరైనదేనని నా నమ్మకం. దానికి తోడు ఊరి చుట్టూ భవనాలు విస్తరించకుండా పచ్చటి పట్టీ ఉంది. 2021 జనాభా లెక్కల ప్రకారం నగరంలో ఉన్నది సుమారు 1.62 లక్షల మంది. యూనివర్సిటీ విద్యార్థులే 26 వేల పైచిలుకు. ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ అనే రెండో యూనివర్సిటీ విద్యార్థులు వేరే.

కాలేజీ గది ఎలా ఉంటుందో తెలిసి వెళ్తే మంచిది. పెద్ద ద్వారం పక్కనే పోర్టర్ల గది ఉంటుంది, తాళం అక్కడే ఇస్తారు. పాత భవనాల్లో పొడవాటి వరండాలు తక్కువ. ప్రాంగణం చుట్టూ విడివిడిగా మెట్లదారులుంటాయి, ఒక్కో దారికి ఒక నంబరు. లిఫ్ట్ సాధారణంగా ఉండదు. 23 కిలోల సూట్‌కేసును ఇరుకు మెట్ల మీద మూడో అంతస్తుకు మోయాల్సి రావచ్చు. పెద్దవాళ్లు వెంట ఉంటే కింది అంతస్తు కావాలని బుకింగ్ అప్పుడే రాయండి. లోపల ఒంటి మంచం, చదువుకునే బల్ల, పుస్తకాల అర, టీ కాచుకునే కెటిల్ ఉంటాయి. బాత్రూమ్ గదిలోనే కావాలంటే ‘ఎన్‌సూట్’ అన్న మాట ఉందో లేదో చూడండి, లేకపోతే పక్క గదులవాళ్లతో పంచుకోవాలి. ఉదయం ఫలహారం కాలేజీ భోజనశాలలో. కీబుల్ కాలేజీదైతే ఆ ఊరి కాలేజీ భోజనశాలలన్నింట్లోకీ పొడవైనది. ఆ గోడల మీది చిత్తరువుల కింద, పొడవాటి బల్లల దగ్గర కూర్చుని టోస్టూ బీన్సూ తినడం ఏ హోటల్లోనూ దొరకదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుంచి 1952 దాకా ఇక్కడ స్పాల్డింగ్ ప్రొఫెసర్. ఆయన ఫెలోగా ఉన్న ఆల్ సోల్స్ కాలేజీలో బస చేయాలని మనవాళ్లకు అనిపించడం సహజం. కానీ అక్కడ డిగ్రీ విద్యార్థులే ఉండరు, కాబట్టి సెలవుల్లో ఖాళీ అయ్యే గదులూ ఉండవు.

ధరలు పోల్చేటప్పుడు మనిషికెంత పడుతుందో చూడాలి. ఒంటి మంచం గది ఒకరికే. నలుగురున్న కుటుంబానికి అలాంటివి నాలుగు కావాలి. అప్పుడు ఊరి అంచున హోటల్లో ఒక ఫ్యామిలీ రూమే చవక కావచ్చు. ఒక్కరో ఇద్దరో అయితే కాలేజీ గదికే నా ఓటు. బ్రిటన్‌లో చూపించే ధరలో 20 శాతం వ్యాట్ సాధారణంగా కలిసే ఉంటుంది, మన దగ్గరలా చివర్లో పన్ను కలపరు.

పట్టా ప్రదానాలు ఏడాదిలో పలు దఫాలుగా జరుగుతాయి, కొన్ని టర్మ్ మధ్యలో పడతాయి. అలాంటి తేదీ వస్తే హెడింగ్టన్, కౌలీ, బాట్లీ వైపు చూడండి, సిటీ బస్సులుంటాయి. అక్కడా దొరక్కపోతే డిడ్‌కాట్. రైల్లో పావుగంట ప్రయాణం, పైగా లండన్ ప్యాడింగ్టన్ నుంచి వచ్చే దారిలోనే ఉంటుంది. కారు అద్దెకు తీసుకుంటే మాత్రం కాలేజీలో పార్కింగ్ ఆశించొద్దు. ఊరి చుట్టూ ఉన్న 5 పార్క్ అండ్ రైడ్ స్థలాల్లో ఒకచోట కారు ఆపి, బస్సెక్కి లోపలికి వెళ్లాలి. రాత్రిళ్లు కూడా అక్కడే ఉంచాలనుకుంటే ఆ స్థలం నిబంధనలు ముందుగా చూసుకోండి.