సైకిలు యాత్రికుని వానకోటు

ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున పడమటి సముద్రతీరము నుండి తూర్పు సముద్రతీరము వరకు పోవు సైకిలు మార్గ మొకటి కలదు. 1994వ సంవత్సరమున ఏర్పడిన ఈ మార్గము పొడవు సుమారు 140 మైళ్లు. వైట్‌హేవెన్ అను రేవుపట్టణమున వెనుక చక్రమును సముద్రజలములో తడిపి బయలుదేరుటయు, సండర్లాండు చేరిన పిదప ముందు చక్రమును తడుపుటయు యాత్రికుల ఆచారము. శరదృతువున చెట్ల ఆకులు పండి రాగిరంగు దాల్చును గావున అనేకులు సెలవులు గడుపుటకు ఆ కాలమునే కోరుకొందురు. కాని చక్రమును సముద్రమున తడిపిన యాత్రికుని, దారిలో ఆకాశము నిలువెల్ల తడుపును.

మార్గమున నున్న కెసిక్ పట్టణమునకు సమీపమున సీత్‌వెయిట్ అను చిన్న పల్లె కలదు. ఇంగ్లండులో జనులు నివసించు తావులలో ఇంతటి వాన కురియునది మరియొకటి లేదని చెప్పుదురు. అచట ఏటికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వర్షము పడును. హైదరాబాదు వర్షపాతమునకు ఇది నాలుగింతలు. 2009వ సంవత్సరము నవంబరు నెలలో 24 గంటలలోనే 316 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఇట్టి సీమలో తిరుగువానికి వానకోటు అలంకారము కాదు.

కోటు నీటిని లోనికి రానీయకున్న చాలునని మొదట తోచును. ఆ పని రెండువందల సంవత్సరముల క్రిందటనే సాధ్యమైనది. గ్లాస్గో నగరమునకు చెందిన చార్లెస్ మకింటాష్ అను రసాయనవేత్త, బొగ్గుతారు నుండి లభించు నాఫ్తాలో రబ్బరును కరిగించి, ఆ ద్రవముతో రెండు వస్త్రములను అతికించి, 1823లో పేటెంటు పొందెను. ఆ కోటు చలికి బిరుసెక్కెడిది, ఎండకు జిగురు పట్టెడిది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి కాచు పద్ధతిని కనుగొనిన పిదప ఈ లోపములు తొలగెను. నీరు చొరని గుణమున ఆ కోటునకు వంక పెట్టుటకు వీలులేదు. అయినను దానిని తొడిగి సైకిలుపై కొండ యెక్కువాడు కొంతసేపటికే లోలోపల తడిసిపోవును. ఆ తడి ఆకాశమునుండి వచ్చినది కాదు, వాని దేహమునుండి వచ్చినది.

సైకిలు త్రొక్కునపుడు కండరములు వినియోగించు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పును. తక్కినదంతయు వేడిగా మారును. ఆ వేడిని వెలికి పంపుటకే చెమట పట్టును. ఒక గ్రాము చెమట ఆవిరి యగునపుడు సుమారు 580 కాలరీల వేడిని చర్మమునుండి తీసికొనిపోవును. రబ్బరుకోటులో ఆ ఆవిరికి దారి లేదు. అది కోటు లోపలి ముఖమున చల్లబడి, మరల నీరై, బట్టలను నానబెట్టును.

ఎక్కుచున్నంతసేపు ఇది చిరాకు మాత్రమే. ఆపద దిగునపుడు కలదు. ఈ మార్గము పెన్నైన్ పర్వతములలో హార్ట్‌సైడ్ అను కనుమ మీదుగా పోవును. దాని ఎత్తు సుమారు 580 మీటర్లు. నానిన బట్టలతో అచటికి చేరినవాడు, ఆ మీదట త్రొక్కనక్కరలేకయే వేగముగా దిగును. కండరములు వేడిని పుట్టించుట మానును, ఎదురుగాలి కొట్టును, నీరు గాలికంటె ఇరువది రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును. మొదట వ్రేళ్లు మొద్దుబారును. బ్రేకులు పట్టవలసినవి ఆ వ్రేళ్లే. దేహోష్ణత 35 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువకు పడినచో మాట తడబడును, మతి తప్పును, అది ప్రాణాపాయస్థితి. కావున కోటును ఎన్నుకొనువాడు, అది వానను ఎంత ఆపునో యడుగుటకు ముందు, తన చెమటను ఎంత పోనిచ్చునో యడుగవలెను.

ఈ ప్రశ్నకు సమాధానము 1969లో అమెరికాలో దొరికెను. రాబర్ట్ గోర్ అను నతడు టెఫ్లాన్ అని మనమెరిగిన పదార్థపు కడ్డీని కాచి, ఒక్కసారిగా గట్టిగా గుంజగా, అది తెగుటకు మారుగా పలురెట్లు సాగెను. దానిలో కంటికి కానరాని రంధ్రములు లెక్కకు మించి ఏర్పడెను. నీటిబొట్టు ఆ రంధ్రములలో దూరజాలదు; విడివిడిగా తిరుగు ఆవిరి అణువులు దూరిపోగలవు. ఇట్టి పొరను బట్టకు అతికించిన కోట్లు నేడు అనేకము లభించుచున్నవి. అయితే లోపల వేడియు తేమయు ఎక్కువగాను, వెలుపల తక్కువగాను ఉన్నపుడే ఆవిరి బయటికి నడచును. చల్లని ఇంగ్లండునకు ఇది తగును. మన కోస్తా జిల్లాలలో శ్రావణమాసపు ఉక్కలో ఆ కోటు వలన పెద్ద సుఖము లేదు. మనవారి తాటాకు గిడుగు ఏ పొరయు లేకయే ఈ చిక్కును తీర్చినది. అడుగున తెరపి యుండుటచే గాలి ఆడును. ఆంగ్ల సైకిలు యాత్రికులు భుజములనుండి హ్యాండిలు మీదికి పరచుకొను కేపు అను పైవస్త్రము ఇట్టిదే. గాలి లేని వానలో అది మిక్కిలి హాయి. కొండగాలికి మాత్రము తెరచాపయై మనిషిని ప్రక్కకు నెట్టును.

అంగళ్లలో కోటు చీటీలపై 10,000, 20,000 అను అంకెలు కనబడును. 10,000 అనగా అన్ని మిల్లీమీటర్ల, అనగా 10 మీటర్ల, ఎత్తుగల నీటి ఒత్తిడిని బట్ట తట్టుకొనునని అర్థము. వాన ఒక్కటే అంత ఒత్తిడి కలిగింపదు. పెద్ద అంకెకు పెట్టు సొమ్మును, కుట్లకు లోపల పట్టీలు అతికించి చంకల క్రింద జిప్పులు అమర్చిన కోటునకు పెట్టుట యుక్తము.

తొడిగి చూచునపుడు నిటారుగా నిలువక, సైకిలుపై కూర్చుండునట్లు వంగి చేతులు చాచవలెను. అప్పుడు మణికట్లు గాని నడుము గాని బయటపడరాదు. వెనుక చక్రము చిమ్ము బురదనీరు నడుము క్రిందికే వచ్చును గాన వెనుక అంచు పొడవుగా నుండవలెను. తలముసుగు తలతోపాటు తిరుగవలెను. వెనుక వచ్చు మోటారును చూడనీయని ముసుగుకంటె తడిసిన తల మేలు. బ్రిటనులో అక్టోబరు చివరి ఆదివారమున గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. ఆపై ఈ ప్రాంతమున సాయంకాలము 5 గంటలకు ముందే సూర్యుడస్తమించును. నల్లకోటు అందముగా నుండవచ్చును గాని లారీ నడుపువానికి కనబడదు. పసుపు లేక నారింజ రంగును, వెలుతురు పడిన మెరయు పట్టీలును ఉండవలెను.

క్రొత్త కోటుపై నీరు తామరాకు మీది బిందువులవలె జారిపోవును. మురికియు చెమటయు పట్టినచో పైబట్ట నీటిని పీల్చుకొని ఆవిరి మార్గమును మూసివేయును. కోటు కారుచున్నదని పలువురు దానిని పారవేయుట అప్పుడే. నిజమునకు ఆ తడి వారి చెమటయే. మృదువైన సబ్బుతో ఉతికి, చీటీపై చెప్పినంత వేడిలో ఆరబెట్టినచో బిందువులు మరల జారును. జారకున్నచో నీటిని అంటనీయని మందును పైబట్టకు పట్టింపవలెను. పూర్వము ఈ మందులలో ఫ్లోరిన్ సమ్మేళనములు వాడెడివారు. అవి నేలలోను నీటిలోను చిరకాలము నశింపవని తెలిసినందున, అవి లేని మందులను నేడు పలువురు తయారుచేయుచున్నారు.